నీడ కూడా హక్కే

2015 మే చివరి వారాన్ని తెలుగు నేల అంత తేలిగ్గా మరచిపోలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అనేవారు. ఆ ఏడాది రోళ్ల సంగతి ఎలా ఉన్నా, మనుషులు పిట్టల్లా రాలిపోయారు. దేశం మొత్తం మీద వడదెబ్బ మరణాలుగా ప్రభుత్వ లెక్కకెక్కినవే రెండు వేలు దాటాయి. అందులో సింహభాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే. పోయినవారిలో ఎక్కువమంది ఎండలో కూలికి వెళ్లినవారు, ఇంటిపట్టున ఉన్న ముసలివారు. అమెరికాలో ఉన్న మనం ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ చేసి “ఎండలో బయటికి వెళ్లకండి” అని పదేపదే చెప్పాం. మన అమ్మానాన్నలకు ఆ మాట పనికొచ్చింది, ఎందుకంటే వెళ్లకుండా ఉండే వెసులుబాటు వాళ్లకుంది. అదే వీధి చివర కొత్త ఇంటికి ఇటుకలు మోసే మనిషికి ఆ మాట చెప్పి ఏం లాభం? ఆ పూట పని మానితే ఆ పూట కూలి పోతుంది.

వాతావరణ మార్పు అనగానే కరిగే మంచుకొండలు, దేశాధినేతల సదస్సులు గుర్తొస్తాయి. ఈ సంచిక మాత్రం ఆ ఇటుకలు మోసే మనిషిని మధ్యలో నిలబెట్టి మాట్లాడదలచుకుంది.

వడగాడ్పులు మా తాతల నాడూ ఉన్నాయి కదా, వీటికీ భూతాపానికీ లంకె ఏమిటని అడిగేవారు మన తెలుగు సంఘం సభ్యుల్లోనూ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్త మైకేల్ వేనర్, ఆయన సహచరులు 2016లో సరిగ్గా దీని మీదే ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్లు పరిశీలించిన రెండు నగరాల్లో ఒకటి కరాచీ, రెండోది మన హైదరాబాదు. ఇలాంటి పరిశోధనల్లో కంప్యూటర్ నమూనాలతో రెండు లోకాలను పక్కపక్కన నడిపిస్తారు. ఒకటి ఇప్పుడున్న లోకం. మరొకటి, మనుషులు ఇన్నేళ్లుగా బొగ్గు, చమురు తగలబెట్టకపోయి ఉంటే ఎలా ఉండేదో ఆ లోకం. ఒకే స్థాయి ఎండ ఏ లోకంలో ఎంత తరచుగా వస్తుందో పోల్చి చూస్తారు. వేనర్ బృందం ఎండను ఒక్కదాన్నే కాకుండా ఉక్కపోతతో కలిపి చూసింది. 2015 నాటి ఆ వేడిని మనిషి తెచ్చిన వాతావరణ మార్పు మరింత ముదిరేలా చేసిందని తేల్చింది. హవాయిలోని మౌనా లోవా మీద 1958లో కొలత మొదలైనప్పుడు గాలిలో ప్రతి పది లక్షల అణువులకు దాదాపు 315 కార్బన్ డయాక్సైడ్ అణువులుండేవి. ఇప్పుడవి 420 దాటాయి. తాతల నాటి ఎండకు మనం కలిపినది ఇదే.

ఉక్కపోత ఎందుకంత ముఖ్యమో విజయవాడలోనో, కాకినాడలోనో మే నెల గడిపినవారికి ఒకరు చెప్పనక్కరలేదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండితే చెమట కారుతుందే తప్ప ఆరదు. అప్పుడు గుండె రక్తాన్ని చర్మం వైపు మరింత గట్టిగా నెడుతుంది. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ గుండె మీద, మూత్రపిండాల మీద భారం పెరుగుతుంది. లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు మీద దెబ్బ పడి మనిషి తెలివి తప్పుతాడు. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి కొలిస్తే వచ్చే లెక్కలో 35 డిగ్రీలు మనిషి ఓర్చుకోగల ఆఖరి హద్దు అని శాస్త్రవేత్తలు 2010లో అంచనా వేశారు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యవంతులైన యువతీయువకులను పరీక్షగదిలో ఉంచి చూసి, ఉక్కలో ఆ హద్దు 31 డిగ్రీల దగ్గరే ఉందని 2022లో చెప్పారు. వాళ్లు వయసులో ఉన్నవాళ్లు, చిన్నపాటి పనే చేసినవాళ్లు. అరవై ఏళ్ల మనిషి తట్ట నెత్తిన పెట్టుకుంటే ఆ హద్దు ఇంకెంత కిందికి దిగుతుందో ఊహించండి.

శాస్త్రం ఇక్కడిదాకా తీసుకొచ్చి వదిలిపెడుతుంది. ఆ హద్దు దాటిన రోజున ఎవరు నీడలో ఉంటారో, ఎవరు ఎండలో ఉంటారో తేల్చేవి జీవోలు, చట్టాలు, కూలి రేట్లు.

మొదట లెక్క సంగతే చూద్దాం. మన మండలాల్లో ఒక మరణాన్ని వడదెబ్బ మరణమని ధ్రువీకరించాలంటే తహసీల్దారు, ఎస్ఐ, ప్రభుత్వ వైద్యాధికారి ముగ్గురూ ఒప్పుకోవాలి. పోస్టుమార్టం కావాలి. చేలో పడిపోయిన మనిషి విషయంలో ఇది ఎలాగో జరుగుతుంది. పగలంతా పని చేసి వచ్చి, రాత్రి రేకుల కింద నిద్రలోనే పోయిన అవ్వ విషయంలో జరగదు. తెల్లారేసరికి బంధువులు వస్తారు, మధ్యాహ్నానికి దహనం అయిపోతుంది. గుండెపోటు అంటారు. ఆ గుండె ఎందుకు ఆగిందో ఏ కాగితం మీదా ఉండదు. ఈ లోపాన్ని బయటపెట్టిన నగరం అహ్మదాబాద్. 2010 మేలో అక్కడ జరిగిన మొత్తం మరణాలను దానికి ముందు, తర్వాతి సంవత్సరాల మేతో పోల్చి చూస్తే 1,344 అదనంగా ఉన్నట్టు పరిశోధకులు తేల్చారు. ఆ లెక్క చూశాకే 2013లో ఆ నగరం దక్షిణాసియాలోనే మొదటి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. లెక్క తేలనిదే ప్రణాళిక రాలేదని గమనించండి.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. మనస్ఫూర్తిగా మెచ్చుకోవలసిన నిర్ణయం. తుపాను, వరద, భూకంపం ఉన్న కేంద్రం జాబితాలో వడగాడ్పులకు చోటు లేనప్పుడు ఒక రాష్ట్రం ఆ పని చేసింది. అయితే పరిహారం ఎంత పెరిగినా, రాత్రి నిద్రలో పోయిన అవ్వ కుటుంబానికి అది చేరే దారి ఇంకా లేదు. ప్రతి మండలంలో వేసవి మరణాలన్నిటినీ గత ఐదేళ్ల సగటుతో పోల్చి ప్రచురిస్తే సగం సమస్య కళ్లకు కడుతుంది. దానికి కొత్త యంత్రాలు అక్కరలేదు, జనన మరణాల రిజిస్టరు చాలు.

ఇక పని వేళలు. ఉపాధి హామీ కూలీలు వేసవిలో తెల్లవారుజామునే పలుగు, పార పట్టుకుని వెళ్లి, ఎండ ముదరకముందే ఇల్లు చేరేవారు. వేసవిలో నేల గట్టిపడి పని సాగదు కాబట్టి తక్కువ పనికే పూర్తి కూలి వచ్చేలా మన రాష్ట్రాల్లో వేసవి భత్యం కూడా ఉండేది. ఎండను ఎరిగినవాళ్లు పెట్టిన ఏర్పాటు అది. కూలి లెక్కలకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ భత్యం పోయింది. 2023 జనవరి నుంచి ఫోన్ యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు పడితేనే హాజరు అన్న నిబంధన దేశమంతటా తప్పనిసరి అయింది. పొద్దున పని ముగించుకుని ఇంటికి వచ్చిన ఆడవాళ్లు రెండో ఫొటో కోసం మళ్లీ ఎండలో చెరువు గట్టుకు నడవాల్సి వచ్చింది. దొంగ మస్టర్లు అరికట్టాలనే ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ నిబంధన రాసిన గదిలో మే నెల మధ్యాహ్నం చెరువు గట్టు చూసినవారు ఒక్కరున్నా రెండో ఫొటో వేళ వేరేగా ఉండేది.

మనం ఉంటున్న దేశంలోనూ ఇదే కథ. ఆస్టిన్ 2010లో, డాలస్ 2015లో భవన నిర్మాణ కార్మికులకు నాలుగు గంటలకొకసారి పది నిమిషాల విరామం ఇవ్వాలని నగర నిబంధనలు చేసుకున్నాయి. మంచినీళ్లు తాగడానికి, కాసేపు నీడన నిలబడడానికి పది నిమిషాలు. 2023లో టెక్సాస్ రాష్ట్రం చేసిన చట్టం నగరాలు ఇలాంటి నిబంధనలు పెట్టే అధికారానికే అడ్డుకట్ట వేసింది. ఆ వేసవి టెక్సాస్‌లో ఎండ ఎలా మండిందో అక్కడి మన సభ్యులకు తెలుసు. డాలస్ చుట్టుపక్కల వేలాది తెలుగు కుటుంబాలు కొత్త ఇళ్లు కొనుక్కున్నాయి. జూలైలో ఆ ఇళ్ల కప్పు మీద మోకాళ్ల మీద కూర్చుని నల్లటి షింగిల్స్‌కు మేకులు కొట్టినవారు ఎక్కువగా మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చిన వలస కూలీలు. మన గృహప్రవేశం వెనక వాళ్ల చెమట ఉంది. కాలిఫోర్నియా 2005లోనే ఆరుబయట పనిచేసేవారికి నీళ్లు, నీడ, విశ్రాంతి చట్టబద్ధం చేసింది. దానితో అక్కడ వ్యవసాయమూ ఆగలేదు, ఇళ్ల నిర్మాణమూ ఆగలేదు.

ఖతార్ దారి చూస్తే ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి పెట్టెలు తిరిగివస్తే మరణ పత్రం మీద చాలాసార్లు ఉండే మాట సహజ మరణం. ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో అది ఎలా సహజమో ఆ ఇంటి ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. 2009 నుంచి 2017 వరకు ఖతార్‌లో చనిపోయిన నేపాలీ కార్మికుల మీద 2019లో ఒక అధ్యయనం వచ్చింది. గుండె సంబంధమని రాసిన 571 మరణాల్లో దాదాపు 200, ఎండ నుంచి సరైన రక్షణ ఉంటే తప్పేవని అది చెప్పింది. 2021లో ఖతార్ వేసవి నెలల్లో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పనిని నిషేధించింది. ఎండనూ ఉక్కనూ కలిపి లెక్కగట్టే వేడి కొలత 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలంది. శాస్త్రవేత్త కొలిచిన అంకె చట్టంలోకి ఎక్కితే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇది మచ్చుతునక. దురదృష్టమేమిటంటే ఆ అంకె రాయడానికి అన్ని పెట్టెలు ఇళ్లకు రావలసి వచ్చింది.

మన వంతు గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. అమెరికాలో మనిషికి సగటున ఏటా 14 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. భారతదేశంలో అది 2 టన్నుల పైచిలుకు. మనలో ఒకరు ఒక్కసారి హైదరాబాదు వెళ్లి వస్తే, విమానంలో వారి వంతు ఉద్గారం అక్కడి సగటు మనిషి ఏడాది వంతుకు ఇంచుమించు సమానం. తల్లిదండ్రులను చూడడానికి వెళ్లడం మానమని ఎవరమూ అనం. కానీ ఎండకు కారణమైనవారిలో మనం ఎక్కడున్నామో, ఎండ బారిన పడేవారిలో మనం ఎక్కడున్నామో పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి. ఇటుకలు మోసే మనిషికి కారు లేదు, ఏసీ లేదు, పాస్‌పోర్టు లేదు.

అందుకే ఈ ఏడాది సంఘం దృష్టికి పైకప్పులను తీసుకురావాలనుకుంటున్నాను. హైదరాబాదు బస్తీలో సిమెంటు రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు నిలబడి చెయ్యి పైకెత్తితే అరచేతికి సెగ తగులుతుంది. ఫ్యాన్ ఆ సెగనే కిందికి తోస్తుంది. అదే గదిలో ఒక మూల స్టవ్ వెలుగుతుంది. రాత్రి మంచం బయట వేసుకుందామంటే ఇంటికి వాకిలి ఉండదు, తలుపు తీస్తే సందు. పగలు తాగిన వేడిని రేకు, గోడ రాత్రి పన్నెండు దాటినా కక్కుతూనే ఉంటాయి. అలాంటి ఇళ్ల కప్పు మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూత గానీ పొర గానీ వేస్తే లోపలి వేడి తగ్గుతుంది. 2017లో హైదరాబాదులోనే కొన్ని పేదల ఇళ్ల మీద వేసి చూసినప్పుడు సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలంటే చిన్న సంగతి అనిపిస్తుంది. చంటిబిడ్డ నిద్రపోవడానికీ, రాత్రంతా ఏడవడానికీ మధ్య తేడా అంతే ఉంటుంది. తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చి, 300 చదరపు కిలోమీటర్ల లక్ష్యం పెట్టుకుంది. అయితే సొంత ఇళ్లలో 600 గజాలూ ఆ పైన స్థలం ఉన్నవాటికే అది తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. అరవై గజాల రేకుల ఇంటివారికి ఇష్టం ఉంటుంది, డబ్బు ఉండదు.

మనవాళ్లు తరతరాలుగా చలివేంద్రాలు పెట్టారు. అది గొప్ప సంస్కారం, మానకూడదు. దాని పక్కనే ఇప్పుడు మరికొన్ని పనులు చేరాలి. ఊరి బడికి విరాళం ఇచ్చే సభ్యులు ఈసారి డిజిటల్ బోర్డు కంటే ముందు తరగతి గది కప్పు ఎలా ఉందో అడగండి. రేకుల బడులు, అంగన్‌వాడీలు ఏవైనా మీకు తెలిస్తే సంఘానికి రాయండి, పూత ఖర్చు భరిద్దాం. టెక్సాస్‌లో ఓటున్నవారు మీ శాసనసభ్యుడికి ఆ పది నిమిషాల విరామం గురించి ఉత్తరం రాయండి. ఇంటికి మరమ్మతులు చేయించుకునేవారు కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు పనివాళ్ల విరామాన్ని కూడా ఒప్పందంలో చేర్చండి. గల్ఫ్‌లో బంధువులున్నవారు వాళ్ల పని వేళల గురించి అడిగి తెలుసుకోండి. పూత పని మార్చి ముగిసేలోగా పూర్తయితేనే ఆ వేసవికి పనికొస్తుంది. కాబట్టి కప్పుల కోసం ఇవ్వదలచినది సంక్రాంతిలోగా పంపండి.