వెతికే చూపు

బాపట్ల వైపు నుంచి బండి వచ్చి తెనాలి జంక్షనులో ఆగింది. ప్లాట్‌ఫారం నిండా జనం. మీరు అమ్మమ్మ కోసం వెతుకుతున్నారు. ఆమె ఆకుపచ్చ చీర ఇట్టే కనబడుతుంది. పక్కనుంచే పోయిన ఎర్రపెట్టె మాత్రం కనబడకపోవచ్చు. కంటి ముందు రెండూ ఉన్నవి గదా! ఎందుకిలా?

మన మెదడులో విద్యుత్తు అలలు అలలుగా పుడుతూ ఉంటుంది. 1924లో హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు ఈ అలలను మొదటిసారి మనిషి తల నుంచి నమోదు చేశాడు. వాటిలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే అలను ఆల్ఫా అంటారు. మనం కుడివైపున శ్రద్ధ పెట్టామనుకోండి. ఎడమవైపు దృశ్యాన్ని చూసుకునే మెదడు భాగంలో ఆల్ఫా హెచ్చుతుంది. అక్కరలేని దృశ్యాన్ని అది అణచిపెడుతుందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఈ ఏర్పాటు లేకపోతే జనంలో ఎవరినీ వెతకలేము. కాని ఇందులో ప్రమాదమూ ఉన్నది. రేపల్లె బండి అందుకోవాలని పరుగెత్తేవాడి ధ్యాసంతా ఆ బండి మీదనే ఉంటుంది. మధ్య పట్టాల మీద వచ్చే ఇంజను ఎదుటనే ఉన్నా అతనికి కనబడకపోవచ్చు. అందుకే, ఎంత తొందర ఉన్నా, వంతెన ఎక్కే అవతలికి వెళ్ళాలి.