పసిడి ఉన్నది వంకలో కాదు.. రాతిలో!

పత్తికొండ: తొలకరి జల్లులు పడితే చాలు.. తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లో వజ్రాల వేట మొదలవుతుంది. పసిడి సంగతి వేరు. నీటికంటే 19 రెట్లు బరువైన బంగారం ఇసుకలా దూరం కొట్టుకుపోదు. ప్రవాహ వేగం తగ్గే మలుపు లోపలి గట్టున, బండల వెనుక, అడుగు రాతి పగుళ్లలో చిక్కుకుంటుంది. అయితే జొన్నగిరి పసిడి ప్రధానంగా భూమిలోని పలుగురాతి చారల్లో ఉంది. టన్ను రాతిని పిండి చేస్తే దక్కేది కొద్ది గ్రాములే. అది జల్లెడ పట్టే కూలీకి అందదు, యంత్రాలున్న కంపెనీకే సాధ్యం. కనుక స్థానికులు వాటా వెతకాల్సింది వంకలో కాదు. 2015 నాటి గనుల చట్ట సవరణ ప్రకారం జిల్లా ఖనిజ నిధి గనుల ప్రభావిత ప్రాంతాల మేలుకే ఖర్చు కావాలి. ఆ లెక్కను గ్రామసభల్లో నిలదీయాలి.