పేరు ఎవరి సొత్తు?



మేము హాస్టల్‌లో ఉన్న రోజుల్లో రేకు పెట్టె అడుగున రెండు వస్తువులు భద్రంగా దాచుకునేవాళ్లం. ఒకటి అమ్మ పంపిన సకినాల మూట. రెండోది డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల కట్ట. అండర్‌టేకర్ కార్డు చేతికొచ్చినవాడే ఆ రోజుకు రాజు!

ఆ కార్డుల మీది పేర్లలో చాలావరకు ఆ మనుషులవి కావనీ, కంపెనీవనీ తర్వాత తెలిసింది. 1996లో స్కాట్ హాల్, కెవిన్ నాష్ అనే ఇద్దరు మల్లయోధులు డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ను వదిలి పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూలో చేరారు. అంతవరకు జనానికి వాళ్లు 'రేజర్ రామోన్', 'డీజిల్'. ఆ పేర్ల మీద హక్కు కంపెనీది. అందుకే వాటిని అక్కడే వదిలేసి సొంత పేర్లతో బరిలోకి దిగారు. పాత కంపెనీ ఊరుకోలేదు. అదే ఏడాది మరో ఇద్దరికి ఆ వేషాలు వేసి, అవే పేర్లు పెట్టి నిలబెట్టింది. జనం ఒప్పుకోలేదు. ఆ నకిలీ డీజిల్ మరెవరో కాదు, 1997లో ముసుగుతో వచ్చిన కేన్!

మన దేశపు దలీప్ సింగ్ రాణా జపాన్‌లో 'జెయింట్ సింగ్'. 2006లో డబ్ల్యూడబ్ల్యూఈకి వచ్చాక 'గ్రేట్ ఖలీ'. పేరు మారింది గాని ఆ ఎత్తు, ఆ బలం ఆయనవే. ఇక అందరికీ పేర్లు పెట్టిన ఆ కంపెనీయే వన్యప్రాణుల సంస్థతో కోర్టులో ఓడి, 2002లో తన పేరు మార్చుకోవలసి వచ్చింది.

ఈ కథంతా ఎందుకంటే, మన బతుకుల్లోనూ ఇలాంటి బరులున్నాయి. మన జిల్లాల్లో యాదగిరిగుట్టకు మొక్కితే యాదయ్య, యాదమ్మ. కురుమూర్తి జాతరకు మొక్కితే కురుమూర్తి. అమ్మానాన్నలు మొక్కుకొని పెట్టిన పేరును బడిలో చేర్చిన నాడు ఒక సారు తనకు తోచినట్టు రాశాడు. కాలేజీకి పోతే 'హాస్టలోడు' అన్నారు. పట్నంలో అద్దె గది అడిగితే ముందు ఇంటిపేరు అడిగారు. గది దొరకదేమోనని ఇంటిపేరు మార్చి చెప్పిన మిత్రులు నాకు తెలుసు. వాళ్లను నేను తప్పుపట్టను. తప్పు అడిగినవాడిది.

అట్లని పేరు మార్చుకోవడమే నేరం కాదు. బాక్సర్ కాసియస్ క్లే బానిసత్వపు గుర్తు వద్దనుకొని 1964లో మహమ్మద్ అలీ అయ్యాడు. అది ఆయన నిర్ణయం. కాబట్టి పేరు మారిందా లేదా అన్నది కాదు, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నదే ప్రశ్న. భయంతో దాచుకున్న పేరు బరువు. ఇష్టంతో తెచ్చుకున్న పేరు బలం.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుతో పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. అయినా ప్రాజెక్టుల దగ్గర మట్టి మోయడానికి వలసపోయిన మన తాతలను లోకం 'పాలమూరు లేబర్' అనే పిలిచింది. కాగితం మీది పేరును ప్రభువు మార్చగలిగాడు గాని, చెమటతో వచ్చిన పేరును మార్చలేకపోయాడు.

తమ్ముళ్లారా, చివరగా రెండు మాటలు. పదో తరగతి నామినల్ రోల్స్ పంపేముందు మీ పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు అక్షరం అక్షరం చూసుకోండి. మెమోలో ఒకటి, కులం సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర, ఉద్యోగం దగ్గర తిప్పలు మీకే. రెండోది, సరదాకు ఒకరినొకరు అండర్‌టేకర్ అనుకోండి, ఖలీ అనుకోండి. కాని తోటి విద్యార్థిని 'నల్లోడా', 'కుంటోడా' అని మాత్రం పిలవకండి. ఆ పేరు మీరు ఒక్క రోజులో మరిచిపోతారు. వాడు జీవితాంతం మోస్తాడు.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి