మన వంటయింటికి వచ్చిన చట్టము

పనిచేయుచోట స్త్రీలను లైంగిక వేధింపులనుండి కాపాడుటకు 2013వ సంవత్సరమున నొక చట్టము వచ్చినదని మన సోదరీమణులలో ననేకులు వినియే యుందురు. అది కచేరీలకును కార్ఖానాలకును సంబంధించినదని తలచి యూరకున్నవారును కలరు. కాని మన యింట నంట్లు తోము మనిషిని గూడ ఆ చట్టము పేర్కొన్నది. ఆమెకు మన యిల్లే పనిచోటు. ఆమెను పనికి పెట్టుకొన్న మనము యజమానులము.

ఈ చట్టమునకు మూలమైన సంగతి జరిగినదియు కచేరీలో గాదు, పల్లెలో. రాజస్థానములోని భటేరీ గ్రామమున ప్రభుత్వ స్త్రీసంక్షేమ కార్యక్రమములో పనిచేయుచుండిన భన్వరీ దేవి, 1992లో నొక పసిబిడ్డ పెండ్లిని ఆపబూనినందుకు పగబట్టి కొందరు తనపై అత్యాచారము చేసిరని ఫిర్యాదు చేసెను. 1995లో క్రింది కోర్టు నిందితులను ఆ నేరమునుండి విడిచిపెట్టెను. పనిమీద పోయిన స్త్రీకి పని యిచ్చినవారి పూచీ యేమియు లేదా యని స్త్రీసంఘములు సుప్రీంకోర్టున కేగగా, 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వెలువడెను. (విశాఖ యనగా మన విశాఖపట్టణము గాదు; ఆ సంఘములలో నొకదాని పేరు.) అటుపై 16 సంవత్సరములకు గాని చట్టము రాలేదు.

2010లో పార్లమెంటు ముందుంచిన బిల్లులో ఇండ్లలో పనిచేయు స్త్రీలు లేరు. ఇంటిగోడల లోపల నట్టి చట్టమును అమలుపరచుట కష్టమనిరి. వేధించువానికి మిక్కిలి యనువైనవి యా గోడలే గదా! తుదకు వారిని చేర్చిరి.

10 మందికి తక్కువ కాకుండ పనిచేయుచోట యజమాని కమిటీ నేర్పరుపవలెను. చిన్న పనిచోట్లకును, ఇండ్లకును జిల్లాకొక స్థానిక కమిటీ యుండవలెను. 3 మాసములలో ఫిర్యాదు చేయవలెను. తగిన కారణమున్నచో మరి 3 మాసములు గడువిత్తురు. వ్రాయనేరని స్త్రీకి కమిటీవారే తోడ్పడి వ్రాయింపవలెను.

ఇక మాకు నచ్చని సంగతి. కచేరీ యుద్యోగిని ఫిర్యాదుపై కమిటీ విచారణ జరుపును. విచారణ సాగుచుండగా 3 మాసములవరకు సెలవిప్పింపవచ్చును. ఇంటిపని చేయు స్త్రీ ఫిర్యాదు నిజమని తోచినచో, 7 దినములలో పోలీసులకు పంపవలెనట! నాలుగిండ్లలో పనిచేసి పొట్ట పోసికొను స్త్రీ పోలీసుల మాట విన్నంతనే వెనుకకు తగ్గును. ఒక యింటిపై ఫిర్యాదు చేసినదన్న మాట పొక్కినచో తక్కిన మూడిండ్లును పోవునని యామె భయము. ఆ భయము వట్టిది కాదు.

కావున ఆమె ఫిర్యాదు చేయదు. "అమ్మగారూ, మీరు లేనప్పుడు నేను రానండీ" యనును. మనము దానిని సోమరితన మనుకొని జీతము కోయుదుము. అర్థమైనను, వ్రేలు మన యింటివారివైపే చూపుచున్నదని తెలిసినపుడు, మరియొక మనిషిని కుదుర్చుకొందుము. అట్లు చేసిన యిల్లాండ్రను మేమెరుగుదుము.

ఈ చట్టము క్రింద చేయబడిన నిబంధనలలో నొకటి మన సోదరీమణులు గమనింపదగినది. బాధితురాలు ఏ కారణముచేతనైనను తాను ఫిర్యాదు చేయలేనపుడు, జరిగిన సంగతి తెలిసిన యెవరైనను, ఆమె వ్రాతమూలకమైన యంగీకారముతో, ఆమె తరపున చేయవచ్చును. ఆ యొకరు, ఆమె పనిచేయు రెండవ యింటి యిల్లాలైనను కావచ్చును.