చుక్క తప్పిన ముగ్గు



మొన్నటి ధనుర్మాసమున చిక్కడపల్లిలోని మా వాకిట 15 చుక్కల మెలికల ముగ్గు పెట్టితిమి. ప్రక్కింటి యారేండ్ల బాలుడు వచ్చి గొంతుకూర్చుండి, చూచినంతనే యొక మూల వ్రేలుంచెను. అచ్చట గీత యొక చుక్కను చుట్టక విడిచిపోయినది. చిన్ననాటినుండి ముగ్గులు పెట్టు మా కన్నులకు కనబడని లోపము వానికి కనబడినది. సంతసించి “నాయనా!” యని ముమ్మారు పిలిచితిమి. వాడు తలయెత్తలేదు.

ఆ బాలునకు ఆటిజము కలదని వైద్యులు చెప్పిరి. పిలిచిన పలుకడని బడిలో దెబ్బలు తినెను. పెంపకము తెలియదని తల్లి నిందలు పడెను. దాచనేల? ఆ నింద వేసినవారిలో మేమును ఉంటిమి.

1943లో లియో కానర్ అను వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలను పరీక్షించి యీ స్థితిని వర్ణించెను. పిమ్మట చాలకాలము తల్లి ప్రేమ కొరవడుటయే దీనికి కారణమని పలువురు నమ్మిరి. అది తప్పని నేడు తేలినది. ఇది పుట్టుకతోడి మెదడు తీరు. 1983లో ఇంగ్లండున అమిటా షా, ఉటా ఫ్రిత్ అను నిరువురు స్త్రీలు, పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకృతిని వెదకుడని పిల్లల నడిగిరి. సమానమైన మానసిక వయస్సుగల యితరులకంటె ఆటిజముగల పిల్లలే దానిని బాగుగ కనుగొనిరి. మనకు ముగ్గు మొత్తము ముందు కనబడును; వారిలో పలువురకు చుక్కయు గీతయు ముందు కనబడును. అందరకు నీ నేర్పు ఒకే తీరున నుండదు.

చూపు ఒకచోట గాఢముగ నిలిచినప్పుడు మన పిలుపు వారి చెవికెక్కకపోవచ్చును. అట్లే ముషీరాబాదు సంతలోని కేకలు, ఆర్టీసీ కూడలిలోని హారనులు ఒక్కుమ్మడిగ మీదపడి బాధించుటయు కలదు. అప్పుడు చెవులు మూసికొను బిడ్డను గద్దింపరాదు. నిశ్శబ్దమగు తావునకు కొనిపోవలెను. కన్నులలోనికి చూడుమని బలవంతపెట్టరాదు. ఒక్కొక్క మాటగ, నెమ్మదిగ చెప్పవలెను.

సందేహము కలిగిన తల్లులు ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. మేధోవైకల్యము గలవారికై 1984లో నేర్పడిన జాతీయసంస్థ సికింద్రాబాదు మనోవికాసనగరమునందే కలదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును పేర్కొన్నది. కావున బడిలో చోటు వారి హక్కు.

మేము ఆ తల్లి యింటికి పోయి క్షమింపుమని వేడితిమి. ఆమె కన్నీరు తుడుచుకొని మాకు కాఫీ యిచ్చినది. ఇప్పుడు బాలుని దూరమునుండి పిలువము. వాడు చూచుచున్న తావునకు పోయి, ప్రక్కన గూర్చుండి, అచ్చట వ్రేలుంచుదుము. కొంతసేపటికి వాడే మావైపు తిరుగును.