ఇంట్లో గింజలుంటేనే కూలి బేరం

కూలోళ్లకు పొదుపు తెలీదని చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. బ్యాంకు ఆఫీసరు అంటాడు, వడ్డీ షావుకారు అంటాడు, ఓట్లప్పుడు వచ్చే పెద్దమనిషీ అంటాడు. వచ్చింది వచ్చినట్టు తింటారు, తాగుతారు, జాతర చేస్తారు, మళ్లీ అప్పుకు వస్తారు - ఇదీ వాళ్లు మనకు చెప్పే పాఠం. అప్పు చేసి పప్పు కూడు అనే సామెతను కూడా మన మీదికే విసురుతారు. అయితే కోడుమూరు చుట్టుపక్కల కూలి ఇండ్లలో అప్పు ఏ నెలలో పుడుతుందో చూస్తే ఈ పాఠం ఎంత బూటకమో తెలిసిపోతుంది.

మనది హంద్రీ పక్కన ఉన్న నేల. పేరుకు ఏరున్నా సేద్యం ఎక్కువగా వాన మీదే. వాన పడితే వేరుశనగ, పత్తి, ఉల్లి, ఆముదం పనులుంటాయి. సంక్రాంతి దాటేసరికి ఊళ్లో పని పలచబడుతుంది. అక్కడినుంచి తొలకరి దాకా చేతులకు పని లేదు, కడుపుకు మాత్రం సెలవు లేదు. రేషన్ బియ్యం వస్తాయి కదా అంటారు. నూనె, మందు బిళ్ల, బస్సు చార్జీ రేషన్ షాపులో ఇయ్యరు కదా! అప్పు పుట్టేది ఆ నెలల్లోనే. మనిషి దుబారా చేసినందుకు కాదు, కూలి ఆగినందుకు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేస్త్రీ వస్తాడు. గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు సుగ్గికి రమ్మంటాడు, ముందుగా అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఈ దుడ్లకు వడ్డీ లేదంటాడు. నిజమే, కాగితం మీద వడ్డీ లేదు. కానీ కిలో కోస్తే ఎంత, రోజుకు ఎంత అనే మాట ఆ దుడ్లు తీసుకున్న రోజే తెగిపోతుంది. అక్కడికి పోయినాక పక్క ఊళ్లో రోజుకు 50 రూపాయలు ఎక్కువ ఇస్తున్నారని తెలిసినా మనం కదలలేం. ఆ 50 రూపాయలే వడ్డీ. నలభై రోజులు చేస్తే మనిషికి 2,000, ఆలుమగలిద్దరికీ 4,000. లేదన్న వడ్డీ ఎంతయిందో చూడండి.

ఒక మాట ప్రతి కొట్టంలోనూ తెలియాలి. అడ్వాన్సు ఇచ్చామని చెప్పి మనిషిని కదలనీయకుండా వెట్టి చేయించడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం. అట్లాంటి వెట్టి అప్పు తీర్చాల్సిన పని లేదని కూడా ఆ చట్టమే చెప్పింది.

అందుకే పొదుపు సంగతిని షావుకారుకూ బ్యాంకుకూ వదిలిపెట్టకుండా మనమే చేతిలోకి తీసుకోవాలి. ఉద్యోగస్తునికి పొదుపు అంటే ముసలితనానికి దాచుకునేది. మనకు పొదుపు అంటే "ఈ కూలికి నేను రాను" అని చెప్పి నిలబడగలిగిన పది రోజులు.

కూలి పెంచమని ఊరంతా పని ఆపినప్పుడు ఏం జరుగుతుందో సంఘంలో తిరిగినోళ్లకు తెలుసు. మొదటి రోజు అందరూ చెట్టు కింద కూర్చుంటారు. మూడో రోజుకు పొయ్యి రాజెయ్యలేని ఇల్లు ఒకటి బయటపడుతుంది. ఐదో రోజు తెల్లవారకముందే పెత్తందారు మనిషి వచ్చి ఆ ఇంటి తలుపే తడతాడు. పనికి పోయిన ఆ మనిషిని ద్రోహి అనడం సులువు. ఆ ఇంట్లో పది రోజుల గింజలుండేట్టు ముందే చూడటం కష్టం. సంఘం చేయాల్సింది ఆ కష్టమైన పనే.

ఇక లెక్క సంగతి. మన పెద్దలు అప్పుకు ఒకటే కొలత పెట్టుకున్నారు: నూటికి నెలకు ఎన్ని రూపాయలు? రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24, మూడంటే 36, ఐదంటే 60. ఈ కొలత మంచిది, దీన్ని వదలొద్దు. ఇప్పటి అప్పులు ఈ కొలతకు దొరక్కుండా వస్తాండాయి. వారం కిస్తు అంటారు, ఫీజంటారు, ఇన్సూరెన్సు అంటారు, ఫోన్లో యాప్ అంటారు. వడ్డీ అనే మాటే వినపడదు.

ఒక లెక్క చూడండి. 10,000 అప్పని రాసుకుని, ముందే 1,000 పట్టుకుని 9,000 చేతికిస్తారు. వారానికి 1,000 చొప్పున పది వారాలు కట్టాలి. పదివేలకు వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ మొదటి వారం నుంచే అసలు వెనక్కి పోతా ఉంది. అందుకని ఆ పది వారాల్లో మన చేతిలో నిలిచింది 9,000 కాదు, సరాసరిన 5,000 దగ్గర. దాని మీద రెండున్నర నెలలు కూడా నిండకుండానే 1,000 వడ్డీ. అంటే నూటికి నెలకు ఎనిమిది రూపాయల పైమాటే, ఏడాదికి నూరు దాటుతుంది. ఐదు రూపాయల షావుకారును జలగ అన్నాం. ఎనిమిది రూపాయలవాడు మోటారు సైకిల్ మీద వస్తే సారూ అని పిలుస్తాండాం!

మన జిల్లాలోనే ఓర్వకల్లు ఆడవాళ్లు 1990లలో రోజుకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టి మండల సంఘం నిలబెట్టారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం తర్వాత పొదుపు సంఘాలు రాష్ట్రమంతా పాకాయి. సారా అంగడికి పోయే రూపాయిని అడ్డుకున్నాకే పొదుపు రూపాయి పుట్టిందన్నమాట. ఆ దుడ్లు వాళ్లవి, లెక్కల పుస్తకం వాళ్లది, ఎవరికి ఎంత ఇవ్వాలనే తీర్మానమూ వాళ్లదే. బలం అక్కడ ఉంది.

ఆ సంఘాల దారినే మైక్రోఫైనాన్సు కంపెనీలు ఊళ్లలోకి దిగాయి. ఆడవాళ్ల ఒకరి మీద ఒకరి నమ్మకాన్నే పూచీ చేసుకుని, వారం వారం వసూలు మొదలుపెట్టాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు తెచ్చుకునే గతి పట్టింది. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చినాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమయింది. వసూలు నెలకొకసారే ఉండాలి, వడ్డీ మొత్తం అసలును మించరాదు అని అందులో రాశారు. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్సు కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. అంతకుముందే, 2022లో, రిజర్వు బ్యాంకు ఈ అప్పుల వడ్డీకి ఉన్న పరిమితిని ఎత్తేసింది.

అయినా ఆ 2022 నిబంధనల్లోనే మనకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. మైక్రోఫైనాన్సు అప్పుకు తాకట్టు అడగరాదు. అన్ని అప్పుల కిస్తులూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటరాదు. అప్పు కార్డు మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయరాదు, బెదిరించరాదు. ఈ నాలుగు మాటలు గోడ మీద రాసి పెట్టండి.

ఇండ్లలో, సంఘంలో చేయాల్సినవి మూడు పనులు. ఒకటి, ఇంట్లో ఉన్న ప్రతి అప్పునూ నూటికి నెలకెంతో లెక్కగట్టి ఒక కాగితం మీద రాయాలి. మొగుడు తెచ్చింది పెండ్లానికి, పెండ్లాం తెచ్చింది మొగునికి తెలియాలి. వడ్డీ ఎక్కువున్న అప్పును ముందు తీర్చాలి. రెండు, పనులు ముమ్మరంగా ఉన్న నెలల్లో పది కూలీలకు ఒక కూలి, అంత కుదరకపోతే సగం కూలి, పని లేని నెలల కోసం సంఘంలో వేసుకోవాలి. లెక్క నెలకోసారి అందరి ముందూ గట్టిగా చదవాలి. చదవని పుస్తకం మీద నమ్మకం నిలవదు. మూడు, మేస్త్రీతో మాట ఒంటరిగా తెంచుకోవద్దు. రేటెంత, ఎన్ని రోజులు, తిండి ఎవరిది, రానుపోను చార్జీలు ఎవరివి అన్నది కాగితం మీద పడినాకే అడ్వాన్సు ముట్టుకోవాలి.

పొదుపు చేస్తే పేదరికం పోతుందని చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. ఆ మాట మనం చెప్పం. కూలి చాలని ఇంట్లో పొదుపు అంటే పిల్లల గిన్నెలో కూడు తగ్గించడమే. 2005 ఉపాధి హామీ చట్టం 15 రోజుల్లో కూలి ఇవ్వాలంది. ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారమని తర్వాత నిబంధన పెట్టారు. మన కొలతలో అది నూటికి నెలకు రూపాయిన్నర. ఆ కూలి కోసం ఎదురుచూస్తూ మనం ఊళ్లో తెచ్చుకున్నది మూడు రూపాయలకు, ఐదు రూపాయలకు. అంటే ఏమిటి? కూలోడు సర్కారుకు చవక వడ్డీకి అప్పిచ్చి, తాను తినడానికి షావుకారు దగ్గర పిరం వడ్డీకి తెచ్చుకున్నాడు! చట్టాల పేర్లు మారినా ఈ లెక్క మారదు. చేసిన పనికి కూలి ఆగిన ప్రతి రోజూ మన నెత్తిన వడ్డీ పడుతుంది.

కాబట్టి పొదుపు, కూలి పోరాటం రెండు దారులు కావు. డబ్బాలో నాలుగు గింజలు లేనోడు బేరమాడలేడు. బేరమాడనోని డబ్బాలో గింజలు మిగలవు. రాబోయే పనుల కాలంలో మొదటి కూలి చేతికొచ్చిన సాయంత్రమే కూర్చోండి, పుస్తకం తెరవండి, పేర్లు రాయండి.