బడి కట్టుటకు ముందు బిడ్డల నెంచుడు

పాఠశాలకు గది కావలయునా, వలదా యను ప్రశ్న పుట్టినప్పుడు, ఎవరి నడుగవలయునో వారిని తప్ప తక్కినవారి నందరిని అడుగుట మన రాష్ట్రమున నాచారమైనది. ఇంజనీరు నడుగుదురు; గుత్తదారు నడుగుదురు; పార్టీ పెద్ద నడుగుదురు; అమరావతిలోని కంప్యూటరు నడుగుదురు. ఆ గదిలో కూర్చుండవలసిన బిడ్డ తల్లిని మాత్రము కడపట పిలిచి సంతకము చేయుమందురు. పల్నాటిలో, ముఖ్యముగా మాచర్ల చుట్టుపట్ల, ఈ యాచారమువలన గలుగుచున్న నష్టమును గూర్చి నాలుగు మాటలు నిష్ఠురముగానే వ్రాయదలచితిని.

లోపము చట్టమున నున్నదని యెవరైన ననినచో నేనంగీకరింపను. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలునందున్నది. ప్రతి ప్రభుత్వ పాఠశాలకు నొక యాజమాన్య కమిటీ యుండవలెననియు, అందు ముప్పాతికమంది తల్లిదండ్రులే కావలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు దాని 21వ సెక్షను విధించినది. పాఠశాలాభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే సిద్ధపరుపవలెనని 22వ సెక్షను చెప్పినది. ఆ చట్టము క్రింద 2010లో కేంద్రప్రభుత్వము వెలువరించిన మాదిరి నియమములు ఇంకొక యడుగు ముందుకు వేసినవి. ప్రణాళిక మూడేండ్లది, అందు ప్రతి సంవత్సరమునకు, తరగతివారీగా, చేరబోవు పిల్లల యంచనా యుండవలెను, దానిని బట్టి ఉపాధ్యాయులు, ఆపైన గదులు, కడపట డబ్బు. చదువరులు ఈ క్రమమును గమనింతురుగాక. మన యాచరణమున నిది తలక్రిందులైనది. ముందు రూపాయి మంజూరగును. ఆ రూపాయి ముగియుటకు గడువు వచ్చును. గడువులోపల గోడ లేచును. గోడ లేచిన పిదప అందు కూర్చుండుటకు బిడ్డలున్నారా యని వెదకుదురు.

ఇక ప్రణాళిక యనబడు కాగితము సంగతి. యాజమాన్య కమిటీలకు 2024 ఆగస్టులో ఎన్నికలు జరిగినవి. సభ్యులు వచ్చిరి, ప్రమాణములు చేసిరి, తేనీరు త్రాగిరి. నేనెరిగిన బడులలో ఆ పిమ్మట అంచనా పేరిట వ్రాయబడుచున్నది పోయిన సంవత్సరపు సంఖ్యయే. సెప్టెంబరు 30వ తేదీనాటి హాజరుపట్టీ యూడైస్ పట్టికలో కెక్కును. ఆ పట్టికలోని సంఖ్యయే ప్రణాళికలోకి దిగును. జరిగిపోయిన దానిని వ్రాసి జరుగబోవునది యనుట వ్యాకరణము దృష్ట్యా కూడ తప్పే. భూతకాలమును భవిష్యత్తుగా చదువుమని ఏ గురువు శిష్యునకు నేర్పును?

2019 నవంబరు 14న ఒంగోలులో ఆరంభమైన ‘మన బడి: నాడు–నేడు’ పథకమును నేను తృణీకరింపను. మొదటి విడతలో 15,715 బడులను చేపట్టిరి. నీరు వచ్చు మరుగుదొడ్లు, త్రాగునీరు, పంకాలు, బల్లలు, ప్రహరీగోడలు — ఇవి పేదబిడ్డకు ఎన్నడో యందవలసియుండి ఆలస్యముగా నందినవి. పనులను తల్లిదండ్రుల కమిటీల చేతులమీదుగా జరిపించుటయు మంచిదే. కాని కమిటీ చేతికి వచ్చిన దేమి? సిమెంటు కొను నధికారము, కూలీలకు డబ్బిచ్చు నధికారము. ఏది కట్టవలెనో నిర్ణయించు నధికారము కాదు. ఆ జాబితా ముందే యచ్చుపడి వచ్చినది. ఇంటి యజమానిని పిలిచి తాపీమేస్త్రీని చేసినట్లైనది.

ఆ రంగులు వెలిసిపోకముందే 2022 జూన్ 10న 117వ నంబరు ఉత్తర్వు వచ్చెను. ఒక కిలోమీటరు లోపల హైస్కూలున్నచో ప్రాథమిక పాఠశాలలోని 3, 4, 5 తరగతులు అక్కడికి తరలవలెనన్నది దాని సారము. వేసవి సెలవులు ముగిసి బడులు తెరవగనే రాష్ట్రమున పలుచోట్ల తల్లులు బిడ్డలతో కూడ వీధికెక్కిరి. ఒకచోట క్రొత్త బల్లలు గల గది ఖాళీ. ఇంకొకచోట వరండాలో తరగతి. 2025లో ఆ యుత్తర్వును మార్చి, తొమ్మిది విధముల బడులు గల వేరొక యేర్పాటు తెచ్చిరి. దీనిలోని గుణదోషములను ఏ పార్టీకి అంటగట్టుటయు నా పని కాదు. 2020లో ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ నొకనిని తలచుకొనుడు. వాని బడికి రంగు వేసిరి. వాడు మూడవ తరగతికి రాగానే వానిని ఆ రంగుగోడలనుండి హైస్కూలునకు పంపిరి. ఉత్తర్వు మారునాటికి వాడు ఐదవ తరగతి ముగించి పోయినాడు. ఈ మూడు నిర్ణయములలో ఒక్కదానికి ముందైనను వాని యింటిలో నెవరినైన నడిగిరా?

అడిగినంతమాత్రమున ఒరుగున దేమని యధికారవర్గమువారి ప్రశ్న. దానికి జవాబు సంఖ్యలలోనే యున్నది. ‘అసర్’ సర్వే ప్రకారము దేశపు గ్రామీణప్రాంతములలో 6 మొదలు 14 ఏండ్ల వరకు గల పిల్లలలో ప్రభుత్వ బడులందున్నవారు 2018లో నూటికి 65.6, కరోనా తరువాత 2022లో 72.9, 2024లో మరల 66.8. జీతములు పోయిన తండ్రులు ప్రైవేటుబడి మాన్పించిరి. చేతిలో నాలుగు రూకలాడగనే మరల పసుపుబస్సు నెక్కించిరి. 2022 సంఖ్యను చూచి గది కట్టినవానికి 2024లో తాళముచెవి మిగులును. 2018 సంఖ్యను చూచి గది కూల్చినవానికి 2022లో వేపచెట్టు నీడ మిగులును. ఈ రాకపోకలను పట్టిక చెప్పజాలదు. బిడ్డ నెచ్చట చదివింపవలెనో రాత్రి భోజనమువేళ నిర్ణయించు దంపతులే చెప్పగలరు.

ఇంకొక వర్గమువారు మిక్కిలి నాగరకముగ మాటలాడుదురు. జననములు తగ్గుచున్నవి గనుక బడులు మూయుడందురు. జననములు తగ్గుచున్నమాట సత్యమే. జాతీయ కుటుంబారోగ్య సర్వే 2019–21 ప్రకారము ఆంధ్రప్రదేశమున ఒక్కొక్క స్త్రీకి కలుగు సంతానము సగటున 1.7, జనసంఖ్య తరుగకుండుటకు 2.1 కావలయును. కాని రాష్ట్రపు సగటు తండాకు చెల్లునా? గుంటూరు మిరపయార్డులోని సగటు ధరను చూచి ప్రతి రైతుకు అదే దక్కినదనుకొనుట యెట్టిదో యిదియు నట్టిదే. వెల్దుర్తి, దుర్గి మండలముల సుగాలి తండాలలోని లెక్క వేరు, మాచర్ల పట్టణపు క్రొత్త ప్లాట్లలోని లెక్క వేరు. పట్టణ జనాభా 57 వేలు దాటినదని 2011 జనగణన చెప్పెను. 2021లో జరుగవలసిన గణన జరుగలేదు. దాని తరువాతిదానికి 2027 మార్చి 1వ తేదీని నిర్ణయించిరి. నేడు ప్రాథమిక తరగతులలో నున్న యే బిడ్డయు 2011 లెక్కలో లేడు. లేని లెక్కను చూచి ఉన్న బడిని మూయుట యెట్టి శాస్త్రము?

మరి యేది లెక్క? బడిగోడ కావలనే యున్నది. అంగన్‌వాడీ కార్యకర్త తన పరిధిలోని యిండ్లు తిరిగి గర్భిణులను, ఆరేండ్లలోపు బిడ్డలను పేరుపేరున వ్రాసికొనును. నేటి మూడేండ్ల బిడ్డ రెండేండ్లలో ఒకటవ తరగతి గుమ్మమున నిలుచును. ఇందు జోస్యమేమియు లేదు. ఉదాహరణకొక లెక్క చెప్పెదను, ఇది యే యూరిదియు కాదు. ఒక వాడలో మూడేండ్ల బిడ్డలు ఇరువదిమంది యనుకొందము. గడచిన మూడు సంవత్సరములలో అట్టి పదిమందికి ఆరుగురు మన బడిలో చేరుచు వచ్చిరేని, రెండేండ్లకు ఒకటవ తరగతిలో పండ్రెండుగురు. ఒకటినుండి రెండవ తరగతికి పదిమందికి తొమ్మండుగురు నిలిచిరేని, మరుసటియేట పదునొకండుగురు. ఇట్లు తరగతి తరువాత తరగతికి ప్రాతహాజరుపట్టీలనుండి ఈ నిష్పత్తులు తీయవచ్చును. ఏడవ తరగతి త్రైరాశికము వచ్చిన బాలుడు చేయగల పని. మూడేండ్లకు మించి చెప్పబూనినచో జ్యోతిషమగును; మూడేండ్లే నియమములును కోరినవి.

ఆ లెక్కలో ఒకరిద్దరి తేడా యేమంత గొప్పదని తలంపవలదు. విద్యాహక్కు చట్టపు షెడ్యూలు ప్రకారము ఒకటి మొదలు ఐదు తరగతుల బడిలో 60మంది వరకు ఇద్దరు గురువులు, 61 మొదలు 90 వరకు ముగ్గురు. ప్రతి గురువునకు కనీసమొక గది. 61వ బిడ్డ యున్నచో మూడవ గురువు, మూడవ గది. ఆ బిడ్డ తల్లి వలసపోయినచో రెండు. ఒక్క కుటుంబపు మూటాముల్లెలతో ఒక గురువు, ఒక గది కదలిపోవుచున్న చోట, ఆ కుటుంబము నడుగకుండ లెక్కవేయుట గ్రుడ్డివాడు బాణము వేసినట్లు.

మిరపకోతల వేళ మన పొలములకు వచ్చి చూడుడు. జనవరి మొదలు ఏప్రిలు వరకు కర్నూలు పడమటి మండలములనుండి, ఆదోని, కోసిగి ప్రాంతములనుండి, ముఠాలుగా కూలీలు వత్తురు. పిల్లలను వెంట తెత్తురు. సెప్టెంబరు 30న ఆ బిడ్డ కోసిగిలో లెక్కకు వచ్చినాడు. ఫిబ్రవరిలో వాని గది అక్కడ ఖాళీ, వాడిక్కడ కల్లము ప్రక్క టార్పాలిను పట్టక్రింద చెల్లెలిని ఆడించుచుండును. రెండు జిల్లాల పట్టికలును సక్రమములే. బిడ్డ మాత్రము రెండింటిలోను చదువుటలేదు. ప్రణాళికను ఆర్థికసంవత్సరము ముగియుటకు మూడు నెలల ముందే, అనగా డిసెంబరు చివరకు, సిద్ధపరుపవలెనని నియమము. వాడు వచ్చునది జనవరిలో! అయినను, ఈ యేడు ఎన్ని ముఠాలు రానున్నవో ఊరిలోని మిరపరైతును డిసెంబరులోనే యడిగినచో చెప్పును; ముఠామేస్త్రీకి బయానా యిచ్చినవాడతడే గదా.

వచ్చిపోవు జనమునకు పక్కాగది యెందులకనునది సరియైన యాక్షేపణయే, దానిని త్రోసిపుచ్చను. మన మండలముననే విజయపురి సౌత్ ఉన్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగరు ఆనకట్టకు శంకుస్థాపన చేసిన నాటినుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిన నాటివరకు అక్కడ రాయి మోసిన కుటుంబములెన్ని, పని ముగిసిన పిదప నిలిచినవెన్ని! అట్టి జనమునకు నాలుగు నెలల తరగతి, రేకులషెడ్డు, వారి మాట తెలిసిన యొక బోధకుడు చాలును. గది కట్టవలదని తేల్చుటకును బిడ్డల లెక్కయే కావలయును.

లెక్కకందని సంగతులు మరికొన్ని గలవు. పటముపై కిలోమీటరు ఒకటే, నేలపై కాదు. కుడికాలువ కటుప్రక్క నున్న బడి కాకికి అరకిలోమీటరు, ఎనిమిదేండ్ల పిల్లకు వంతెన చుట్టి రెండు కిలోమీటర్లు. సాగరునుండి మార్కాపురము వైపు పోవు జాతీయరహదారిపై లారీల నడుమ దారి దాటవలసిన బిడ్డకు ఆ ముప్పదియడుగులే ఒక యామడ. తల్లులకిది తెలియును. తొమ్మిదవ తరగతి బాలిక నెలకు నాలుగు రోజులు బడి మానుటకు కారణము తల్లికి తెలియును; మరుగుదొడ్డి యున్నదని పట్టిక చెప్పును, దానికి గడియ లేదనియు, మధ్యాహ్నము తరువాత నీరు రాదనియు పట్టిక చెప్పదు. వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల నెలకొల్పినప్పుడు ఆడుబిడ్డను బడి గడప దాటించుటయే ఘనకార్యము. నూటయేబదియేండ్ల తరువాత గడప దాటి వచ్చిన పిల్లను గడియలేని తలుపువలన తిరిగి పంపుచున్నాము. ఆడుబిడ్డలు ఏ తరగతిలో నెందరుందురో మూడేండ్లకు ముందే వ్రాసిననేగాని దొడ్లెన్ని కావలయునో తేలదు. దొడ్లను మొత్తముపై లెక్కించుటయే యిక్కడి పెద్ద లోపము.

పల్లెటూరివారికి లెక్కలేమి తెలియును, అడిగినచో ప్రతివాడును తన వాకిట గది కావలెననును, పైగా మాది కక్షల సీమ — అని చివరి వాదము. పల్నాటి కక్షలను గూర్చి పల్నాటివానికి చెప్పనక్కరలేదు. కమిటీ యెన్నికలు పార్టీ యెన్నికలగుట, గది పెద్దమనిషి గేటునకెదురుగ లేచుట నేను కాదనను. అయితే ఆ రోగము అడిగినందున వచ్చినది కాదు, చాటున నలుగురి నడిగినందున వచ్చినది. అంచనా సంఖ్యలను బడిగోడపై పెద్దయక్షరములతో వ్రాసి, గ్రామసభలో బిగ్గరగా చదివినచో, మూడవ వీధిలో బిడ్డలు లేరని రెండవ వీధివారే అరచి చెప్పుదురు. కక్ష కూడ అప్పుడు లెక్క సరిచూచును! ఇక లెక్క తెలియదనుట. ఎకరమునకెంత విత్తు, కాలువ కట్టునప్పటికి ఎన్ని తడులు, వడ్డీ యెంత, కోతకూలి యెంత యని యేడాది ముందుగ వేసికొను స్త్రీపురుషులకు తమ బిడ్డల నెంచుట తెలియదా?

ఇంగ్లండున 1870లో ఫార్‌స్టర్ విద్యాచట్టము వచ్చినప్పుడు, ఏ ప్రాంతమున పిల్లలెందరు, బడులలో చోటెంత యని ముందుగ విచారణ జరిపించి, చోటు చాలని తావులందే ప్రజలెన్నుకొన్న పాఠశాలామండలులను నెలకొల్పవలెనని విధించిరి. ఆ మండలులకు స్త్రీలు పోటీచేయవచ్చును. ఆ యేడే లండను మండలికి ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవిస్ అను నిద్దరు స్త్రీలు ఎన్నికైరి. పార్లమెంటుకు ఓటైన లేని కాలమున! దూరదేశపు మాట యెందులకనినచో, మాచర్ల చెన్నకేశవుని సన్నిధిని నిలిచి బ్రహ్మనాయుని చాపకూటిని గూర్చి గర్వముగ చెప్పుకొను మన కమిటీ సమావేశములకు పోయి చూడుడు. పురుషులు కుర్చీలపై, తల్లులు గోడ ప్రక్క నిలుచుండి. చట్టము సగము స్థానములిచ్చినది. ప్రధానోపాధ్యాయుడు సగము కుర్చీలైన వేయించడు. నా తోటి యుపాధ్యాయుల కీ మాట కష్టముగ నుండును, ఉండనిండు.

డిసెంబరు వచ్చుచున్నది. అధ్యక్షురాలి ముందునకు కాగితము వచ్చును. ఆమె సంతకము చేయుటకు ముందు మూడడుగవలెను. అంగన్‌వాడీ పుస్తకములోని మూడేండ్ల పిల్లల సంఖ్య ఇందెక్కడ? తండానుండి వచ్చు ఆడుపిల్లలు ఆరవ తరగతికి ఎందరగుదురని వ్రాసితిరి? కాలువ కావలివారి నెవరడిగిరి? జవాబులు వ్రాసి తెచ్చువరకు కాగితమును బల్లమీదనే ఉంచవచ్చును. కలము ఆమె చేతిలో నున్నది.